గడ్డి నుండి చమురు: ఆశ ఎంత, వాస్తవం ఎంత?

(దోహా, ఏషియన్ టౌన్‌లో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ నాటకానికీ నడుమ ఒక బడిపంతులును నిలబెట్టి, సైన్సు విషయం ఏదైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. మా కుటుంబం మలేసియా చేరి మూడు తరాలయింది. నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్న తెలుగు. అందుచేత తెలుగు మాట దొరికిన చోట తెలుగులోను, దొరకని చోట అందరికీ తెలిసిన వాడుక మాటతోను చెబుతాను.

ఈ సభలో రెండు రకాల వారం ఉన్నాము. తాతముత్తాతలు ఓడ ఎక్కి మలేసియాకో, మారిషస్‌కో వెళ్ళిన కుటుంబాల వారము కొందరం. జగిత్యాల నుండో, నిజామాబాదు నుండో, కడప నుండో, కోనసీమ నుండో ఉద్యోగానికి వచ్చి, నెలనెలా ఇంటికి డబ్బు పంపే వారు మరికొందరు. ఈ ఇద్దరికీ సంబంధించిన వస్తువు ఒకటున్నది. పంట ఇంటికి చేరిన తరువాత పొలంలో మిగిలిపోయేది: వరిగడ్డి, పత్తికట్టె, కందికంప, మొక్కజొన్న చొప్ప. మా మలేసియాలోనైతే నూనె తీసిన తరువాత మిగిలే పామాయిలు ఖాళీ గెలలు. దీని నుండి చమురునూ, పనికివచ్చే రసాయనాలనూ తీయవచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అది ఎంతవరకు నిజం, మన ఇళ్ళ వారికి దానివలన ఒరిగేదేమిటి అన్నది ఈనాటి విషయం.

ఒకప్పుడు ఇవి వ్యర్థాలు కావు. గడ్డి వామికెక్కేది, పశువులు తినేవి. పత్తికట్టె వంటచెరకు. కందికంప దడికి, బుట్టకు పనికివచ్చేది. ఇప్పుడు వరికోత యంత్రం మోకాలెత్తు కొయ్యకాలును విడిచిపోతుంది. పశువులు తగ్గినవి. ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చింది. రెండో పంటకు వ్యవధి పట్టుమని పది పదిహేను రోజులు. పత్తిచేనులోనైతే కట్టెను అలాగే ఉంచితే గులాబి రంగు పురుగు అందులో దాగి మరుసటి పంటకు పాకుతుంది. అందుచేత రైతు అగ్గిపుల్ల గీస్తాడు. అతడిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి మరొక దారి చూపాలి. భారతదేశంలో ఏటా ఇలా మిగిలే పంట అవశేషాలు సుమారు 50 కోట్ల టన్నులని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ అంచనా. అందులో ఎక్కువ భాగం పశువుల మేతకు, వంటచెరకుకు, ఇతర అవసరాలకు పోతుంది. మిగిలినదాంట్లో చాలా భాగం మంటల పాలవుతున్నది.

మంటలో పోయేదేమిటో చూడండి. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాషియం ఉంటాయని వ్యవసాయ శాస్త్రజ్ఞుల లెక్క. పొటాషియంలో కొంత బూడిదగానైనా నేలలో మిగులుతుంది. నత్రజని మాత్రం దాదాపు అంతా పొగలో కలుస్తుంది. తరువాత అదే రైతు అదే నత్రజని కోసం యూరియా బస్తా కొంటాడు. ఇక్కడి మిసయీద్‌లో 1973 నుండి ఎరువుల ఫ్యాక్టరీ యూరియా తయారుచేసింది. ఆ సరుకు భారతదేశపు రేవులకూ చేరింది. ఇక్కడ మీరు చెమటోడ్చి సంపాదించి పంపే రూపాయిలో కొంత, చేనులో పొగగా పోయిన నత్రజనిని తిరిగి కొనడానికే ఖర్చవుతున్నదన్నమాట.

ఇక అసలు విద్యకు వస్తాను. గడ్డిని ఆరుబయట తగలబెడితే గాలిలోని ఆక్సిజన్ దానిని పూర్తిగా దహించి వేస్తుంది. మిగిలేది బూడిద. అదే గడ్డిని గాలి చొరబడని పాత్రలో పెట్టి బయటి నుండి వేడి చేస్తే అది మండదు, విడిపోతుంది. ఆవిర్లు వస్తాయి, వాయువులు వస్తాయి, చివరకు బొగ్గు మిగులుతుంది. ఆవిర్లను చల్లబరిస్తే ముదురు గోధుమ రంగు ద్రవం దిగుతుంది. దానినే బయో ఆయిల్ అంటున్నారు. ఈ ప్రక్రియ పేరు పైరాలిసిస్. తెలుగులో ఉష్ణవియోగం అనుకోవచ్చును. మన ఊరి బొగ్గుబట్టీలో జరిగేది ఇదే. కాకపోతే బట్టీ వాడు బొగ్గునే దాచుకొని ఆవిరిని గాలికి వదిలేస్తాడు.

ఇక్కడ పనిచేసే వారికి ఇది కొత్త సంగతి కాదు. 1974లో ఏర్పడిన ఖతార్ పెట్రోకెమికల్ కంపెనీ మిసయీద్‌లో నెలకొల్పిన కర్మాగారంలో ప్రధాన భాగం ఒక కొలిమి. సహజవాయువు నుండి వేరుచేసిన ఈథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, ఎనిమిది వందల డిగ్రీలు దాటిన వేడిలో సెకను కూడా ఉంచకుండా పంపితే అది విరిగి ఎథిలీన్ అవుతుంది. ఎథిలీన్ నుండి ప్లాస్టిక్ వస్తుంది. ఆ కొలిమినీ పైరాలిసిస్ కొలిమి అనే పిలుస్తారు. అక్కడ విరిగేది భూమిలో కోట్ల ఏళ్ళు మగ్గిన వాయువు. మన గడ్డి నిరుడు మొలిచినది. అంతే తేడా.

అంతే అన్నాను గాని, ఒక పెద్ద చిక్కున్నది. ఈథేన్ ఒకే పదార్థం. గడ్డి మూడు నాలుగింటి కలగలుపు. అందులో సెల్యులోజ్ మూడో వంతు పైన, హెమిసెల్యులోజ్ ఇంచుమించు నాలుగో వంతు ఉంటాయి. కాడకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ ఆరేడో వంతు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బూడిద పదార్థం. అన్నిటినీ ఒకేసారి ఐదు వందల డిగ్రీలకు ఎక్కిస్తే, దిగే ద్రవంలో వందలాది రసాయనాలు కలగాపులగమై వస్తాయి. దానిని విడదీయడం గగనమవుతుంది. అంచెలవారీ పైరాలిసిస్ అన్న ఆలోచన ఈ చిక్కు కోసమే పుట్టింది.

దీనిని మన వంటింటి భాషలో చెప్పనా? బెల్లం పాకం పట్టే అక్కచెల్లెళ్లకు బాగా తెలుసు. పొయ్యి మీద గిన్నె ఒకటే, బెల్లం ఒకటే. కాని లేతపాకం వద్ద దించితే ఒక వంటకం, తీగపాకం వద్ద దించితే ఇంకొకటి, ఉండపాకం వద్ద మరొకటి. దాటిపోతే మాడు. గడ్డికి కూడా అలాంటి పాకాలున్నాయి.

మొదటి అంచె నూటయాభై డిగ్రీల లోపల. గడ్డిలోని తడి ఆవిరవుతుంది. దీనిని ముందే తీసివేయకపోతే తరువాత వచ్చే నూనె అంతా నీళ్ళే. రెండో అంచె రెండు వందల నుండి మూడు వందల డిగ్రీల వరకు. ఇక్కడ ముఖ్యంగా హెమిసెల్యులోజ్ విడిపోయి అసిటిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరల్ అనే రసాయనం, కొంత నీరు, బొగ్గుపులుసు వాయువు వస్తాయి. అసిటిక్ ఆమ్లం అంటే మీరు పచ్చళ్ళలో వాడే వెనిగర్‌లోని పులుపే. ఫర్ఫ్యూరల్‌ను కందెన నూనెలను శుద్ధి చేయడానికీ, రెజిన్‌ల తయారీకీ వాడతారు. మూడో అంచె మూడు వందల నుండి నాలుగు వందల వరకు. సెల్యులోజ్ విడిపోయి చక్కెరకు దాయాదులైన పదార్థాలు వస్తాయి. వాటిలో ముఖ్యమైనది లీవోగ్లూకోసాన్. ఆ పైన ఐదారు వందల వరకు లిగ్నిన్ నెమ్మదిగా విడిపోయి ఫినాల్ జాతి పదార్థాలను ఇస్తుంది. ప్లైవుడ్ పలకలను అతికించే జిగురులో కొంత భాగం వీటితో చేయవచ్చును. చివరకు మిగిలేది బొగ్గు. ప్రతి అంచెలో వచ్చిన ఆవిరిని వేరే గొట్టంలో చల్లబరిచి వేరే పాత్రలో పడితే, కలగాపులగం చాలావరకు తప్పుతుంది.

చాలావరకు అన్నాను, పూర్తిగా కాదు. ఈ అంచెల మధ్య గోడలు లేవు. లిగ్నిన్ తొందరపడి రెండో అంచెలోనే కొంత విడిపోతుంది, ఐదు వందలు దాటినా కొంత మిగిలే ఉంటుంది. ఇంకొక సంగతి. నెమ్మదిగా అంచెలంచెలుగా వేడి చేస్తే బొగ్గు ఎక్కువై నూనె తగ్గుతుంది. క్షణంలో ఐదు వందలకు ఎక్కించి, ఆవిరిని రెండు సెకన్లలోపల చల్లబరిస్తే నూనె ఎక్కువ వస్తుంది, కాని కలిసిపోయి వస్తుంది. అందుకని కొందరు శాస్త్రజ్ఞులు మరొక ఉపాయం పట్టారు. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో గడ్డిని వేగంగానే వేడి చేసి, వచ్చిన ఆవిరిని చల్లబరచడంలో అంచెలు పెట్టారు. ఎక్కువ వేడి వద్ద చిక్కనివి ముందు దిగుతాయి, తక్కువ వేడి వద్ద నీరూ ఆమ్లమూ చివర దిగుతాయి. పాకాన్ని దించడంలో కాక, వడకట్టడంలో నేర్పు చూపారన్నమాట.

ఇది నిన్న మొన్నటి విద్య అనుకోకండి. ఈ దారిని వంద ఏళ్ళ క్రిందటే తొక్కిన మహానుభావుడొకరున్నారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన పుట్టినది కర్ణాటకలోని ముద్దెనహళ్ళి. ఇంటిపేరులోని మోక్షగుండం మాత్రం మన గిద్దలూరు వైపు ఊరు, వారి పూర్వులు అక్కడివారు. మనకు చాలామందికి ఆయన 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు నగరాన్ని కాపాడే పథకం వేసిన ఇంజనీరుగా తెలుసు. మైసూరు దివానుగా ఉన్న కాలంలో ఆయన భద్రావతిలో ఇనుప కర్మాగారానికి పూనుకొన్నారు. అక్కడ ఇనుప ఖనిజం ఉన్నది, అడవి ఉన్నది, ఇనుము కరిగించడానికి పనికివచ్చే రాతిబొగ్గు మాత్రం లేదు. అందుచేత కట్టెబొగ్గుతో ఇనుము తీయాలని తలపెట్టారు. కట్టెను బట్టీలలో కాల్చి ఆవిరిని గాలికి వదలకుండా, మూసిన పాత్రలలో వేడిచేసి ఆవిరిని కూడా పట్టుకొన్నారు. దాని నుండి కట్టె ఆల్కహాలు, తారు, సున్నంతో కలిపిన అసిటేట్ తీశారు. కర్మాగారం పేరులోనే కట్టె స్వేదనమూ ఉన్నది, ఇనుమూ ఉన్నది. 1923లో అక్కడ ఇనుము ఉత్పత్తి మొదలయింది.

ఆ కథలో మనకొక పాఠమున్నది. భద్రావతి కొలిమి వెలిగిన 1923వ సంవత్సరంలోనే జర్మనీలోని లాయినాలో బి.ఎ.ఎస్.ఎఫ్. అనే సంస్థ కట్టె అక్కరలేకుండా, వాయువుల నుండి నేరుగా మిథనాల్ తయారుచేయడం మొదలుపెట్టింది. మిథనాల్ అంటే ఆ కట్టె ఆల్కహాలే. క్రమంగా ప్రపంచమంతటా కట్టె స్వేదన కర్మాగారాలు ఆ చవకదనం ముందు నిలవలేకపోయాయి. ఇక్కడ మిసయీద్‌లో సహజవాయువు నుండి మిథనాల్ తీసే ఫ్యాక్టరీ కట్టింది కూడా ఆ జర్మన్ దారినే. విద్య తప్పు కాదు, లెక్క తప్పింది. గడ్డి నుండి చమురు అన్నవారిని మనం అడగవలసినది కూడా లెక్కే.

ఆ లెక్క వేద్దాం. కట్టెపొడిని వేగంగా పైరాలిసిస్ చేస్తే నూటికి డెబ్బై వంతుల దాకా ద్రవం రావచ్చును. వరిగడ్డికి అంత రాదు. కారణం దాని బూడిద. వరిగడ్డిలో బూడిద నూటికి పన్నెండు నుండి ఇరవై దాకా ఉంటుంది, అందులో ఎక్కువ సిలికా. దానితో ఉండే పొటాషియం వేడిలో ఆవిరిని ఇంకా విరగ్గొట్టి నీరుగా, వాయువుగా మార్చేస్తుంది. గడ్డిని ముందు నీళ్ళతో కడిగితే పొటాషియం చాలావరకు పోతుంది, కాని మళ్ళీ ఆరబెట్టాలి. పత్తికట్టె ఈ విషయంలో మేలు. అది కలప జాతిది, బూడిద తక్కువ, లిగ్నిన్ ఎక్కువ.

ఒక టన్ను ఎండుగడ్డి నుండి నాలుగు వందల కిలోల ద్రవం వచ్చిందనుకొందాం. అందులో పదిహేను నుండి ముప్పై వంతుల దాకా నీరే. అది నిమ్మరసమంత పుల్లన. మామూలు ఇనుప పీపాను తినేస్తుంది. డీజిల్‌తో కలవదు. నెలల తరబడి నిలవ ఉంచితే చిక్కబడి జిగురవుతుంది. కిలోకు కిలో చూస్తే దాని వేడి డీజిల్ వేడిలో నూటికి నలభై వంతులు మాత్రమే. అంటే ఆ నాలుగు వందల కిలోలు 160 కిలోల డీజిల్‌కు సాటి. బాయిలరు కింద మండించడానికి పనికివస్తుంది. ట్రాక్టరులో నేరుగా పోయడానికి పనికిరాదు. దానిని పెట్రోలుగా, డీజిలుగా మార్చాలంటే హైడ్రోజన్‌తో మళ్ళీ శుద్ధి చేయాలి. అది ఊరిలో అయ్యే పని కాదు, రిఫైనరీ పని.

అయినా లోకం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2005లో మా మలేసియాలోని జొహోర్ రాష్ట్రంలో, నెదర్లాండ్స్‌కు చెందిన బి.టి.జి. సంస్థ పరిజ్ఞానంతో, గంటకు రెండు టన్నుల ఖాళీ గెలల నుండి నూనె తీసే కర్మాగారం నడిచింది. ఆ అనుభవంతోనే 2015లో నెదర్లాండ్స్‌లోని హెంగెలోలో గంటకు ఐదు టన్నుల కలప పొట్టును వాడే కర్మాగారం ప్రారంభమయింది. దాని నూనెను ఒక పాల ఫ్యాక్టరీలో ఆవిరి పుట్టించడానికి వాడారు. జర్మనీలోని కార్ల్స్‌రూహే పరిశోధన సంస్థవారు ఇంకొక సంగతి గ్రహించారు. గడ్డి తేలిక, దూరం మోస్తే కిరాయికే సరిపోతుంది. నూనె మాత్రం నీటికన్న బరువు. అందుచేత గడ్డి ఉన్న చోటనే చిన్న యంత్రాలతో నూనెనూ బొగ్గునూ తీసి, రెండిటినీ పేస్టులా కలిపి, పెద్ద కర్మాగారానికి చేర్చి అక్కడ ఇంధనం చేయాలన్నారు. రాస్ లఫాన్‌లో 2011లో ప్రారంభమైన పెర్ల్ కర్మాగారంలో సహజవాయువును ద్రవ ఇంధనం చేసినట్లే, వారు గడ్డి పేస్టును వాయువుగా మార్చి ఇంధనం చేయాలని చూశారు.

వేడి కాక వేరే దారులు కూడా ఉన్నాయి. పానిపట్టులో 2022 ఆగస్టులో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారం ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డిని పులియబెట్టి మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడానికి కట్టినది. అస్సాంలోని నుమలీగఢ్‌లో 2025 సెప్టెంబరులో ప్రారంభమైన వెదురు కర్మాగారాన్ని ఇథనాల్‌తో పాటు ఫర్ఫ్యూరల్, అసిటిక్ ఆమ్లం కూడా తీసేలా కట్టారు. గమనించండి. చమురు ఒక్కదానితో గిట్టుబాటు కాదని తెలిసి, విలువ గల రసాయనాలను కూడా ముందే లెక్కలో చేర్చుకొన్నారు. అంచెలవారీ పద్ధతిలోని సారం కూడా ఇదే. కలిపి కాలిస్తే అన్నీ ఇంధనం ధరకే పోతాయి. విడదీస్తే ఒక్కొక్కదానికి ఒక్కొక్క ధర పలుకుతుంది.

ఇవన్నీ కోట్ల రూపాయల పనులు. మరి ఐదెకరాల రైతు ఏం చేయాలి? అతని చేతికందేది చివరి అంచెలో మిగిలే బొగ్గు. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, క్రిడా అని పిలుస్తారు, ఒక సులువైన బట్టీ తయారుచేసింది. రెండు వందల లీటర్ల పాత నూనె పీపా తీసుకొని అడుగున గాలి రంధ్రాలు పెడతారు. పత్తికట్టె, కందికంప, ఆముదపు కట్టె నింపి నిప్పు పెడతారు. పొగ పలచబడే సమయం కనిపెట్టి గాలి దారులు మూసివేస్తారు. చల్లారిన తరువాత బొగ్గు తీసి, పొడి చేసి చేనులో కలుపుతారు. దీనిని బయోచార్ అంటున్నారు. ఇది ఎరువు కాదు, ఎరువును పట్టి ఉంచేది. పశువుల ఎరువుతో కలిపి వేస్తే, తేలిక నేలల్లో తడినీ పోషకాలనూ ఎక్కువ కాలం నిలుపుతుంది. గడ్డిలోని కర్బనం పొగగా పోకుండా ఏళ్ళ తరబడి నేలలో ఉంటుంది. కట్టెలోని గులాబి పురుగు కూడా పోతుంది. ఇందులో లోపమూ ఉన్నది. ఆవిరి ఇంకా గాలికే పోతుంది, కళ్ళు మండుతాయి. అందుచేత ఇంటికీ బడికీ దూరంగా పెట్టుకోవాలి. అయినా చేనంతా తగలబెట్టిన దానికన్న ఎన్నో రెట్లు నయం.

ఇప్పుడు చివరి మాట, నాకు అన్నిటికన్న ముఖ్యమైన మాట. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ వద్ద నాలుగు డబ్బులున్నాయని అందరికీ తెలుస్తుంది. గడ్డి నుండి పెట్రోలు తీసే యంత్రం, ఏడాదిలో పెట్టుబడి తిరిగి వస్తుందని రంగు కాగితం పట్టుకొని ఎవరైనా రావచ్చును. 1996లో తమిళనాడులో ఒకరు మూలికలతో పెట్రోలు తీస్తానంటే దేశమంతా నోరు తెరిచి చూసింది. ఇరవై ఏళ్ళకు, 2016లో, కోర్టు అది మోసమని తేల్చి శిక్ష విధించింది. అటువంటివారు వస్తే కోపపడకండి, ఐదు ప్రశ్నలు అడగండి. ఏడాది పొడవునా గడ్డి ఎవరిస్తారు, నిలవ ఎక్కడ? నూనె కొనేదెవరు, కాగితం మీద రాసిచ్చారా? నూనెలో నీరు ఎంత, పులుపు ఎంత, ఏ ప్రయోగశాల పరీక్షించింది? బొగ్గుకు ధర కట్టారా? మిగిలే పుల్లని నీటిని ఏ కాలువలో వదులుతారు? ఐదిటికీ సూటిగా జవాబు చెప్పినవాడి వద్ద కూర్చొని మాట్లాడవచ్చును. మూడో ప్రశ్నకే లేచి వెళ్ళేవాడిని ఆపకండి.

పిల్లలకు ఒక మాట. మీలో కొందరు రేపు కెమికల్ ఇంజనీర్లు అవుతారు. సహజవాయువును విడదీసి విలువ కట్టే విద్య ఈ దేశంలో మీ కళ్ళెదుటే ఉన్నది. తాతల ఊరి గడ్డికి ఆ విద్య ఇంకా పూర్తిగా అందలేదు. పొటాషియం చిక్కు, రవాణా చిక్కు, శుద్ధి చిక్కు, మూడూ మీ కోసమే మిగిలి ఉన్నాయి.

పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు, డబ్బు అందిందా అని అడిగిన తరువాత, ఈసారి కట్టె ఏం చేశారు నాన్నా అని కూడా అడగండి. తగలబెట్టామంటే తిట్టకండి. ఒక పాత పీపా సంగతి చెప్పండి. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఒకసారి వెళ్ళి రమ్మనండి. చమురు వచ్చేనాటికి వస్తుంది. అంతవరకు నేలకు చెందినది నేలకు చేరితే అదే పెద్ద ఆదాయం.